గట్టు చెక్కిన ఆడబిడ్డ

హలో… హలో, వినబడుతోందా అండీ? ఆఁ, ఇప్పుడు బాగుంది. అందరూ కులాసాయే కదా. చేతిలో పనేమైనా ఉంటే ముగించుకునే రండి, నాకు తొందరేం లేదు. పొయ్యి మీద పాలు పెట్టినవాళ్ళు మాత్రం కట్టేసి రండి, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. కూర్చున్నారా? సరే, మొదలుపెడుతున్నాను.

నది మధ్యలో మేట వేసి లేచిన నేలని లంక అంటాం కదా. అలాంటి లంక ఒకటుండేది. వంగ, బెండ, దోస, మొక్కజొన్న, ఏది పెడితే అది విరగకాసేది. కాసినదంతా పడవల మీద అద్దరికి చేరేది. అలా ఉండగా ఒక ఏడు వంతెన వచ్చింది. వంతెన వెంట కొలతల గొలుసులు వచ్చాయి, వాటి వెంట ఇసక లారీలు వచ్చాయి, లారీల వెంట ఊరికి ఊరే దిగింది. ఇప్పుడు అక్కడ ఒడ్డు పొడుగునా రాతి బెంచీలు, దీపస్తంభాలు, షికారు పడవలు. దోసపాదులున్న చోట కాఫీ కొట్టు. ఎడ్లకొట్టం ఉన్న చోట జిమ్ము. ఒకప్పుడు అక్కడ ఎడ్లు చెమటోడ్చేవి, ఇప్పుడు మనుషులు పొద్దున్నే వచ్చి అదే పని చేస్తున్నారు.

పెద్దక్కకి ఇందులో బెంగపడాల్సిందేమీ కనబడలేదు. నేల ఎక్కడికి పోయింది, చీర మార్చుకుంది అంతే కదా అనేది. ఆమె పేరు వేరే ఉంది గానీ లంకలో పుట్టినవాళ్ళంతా ఆమెని పెద్దక్కా అనే పిలిచేవాళ్ళు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. పొలం పోయాక ఆమె చేతికి సూది వచ్చింది. షికారు పడవలకి వాన తగలకుండా కప్పే మందపాటి గుడ్డ తొడుగులు కుట్టేది. ముందుగదిలో సగం ఆ మిషనే. దారానికి మైనం రాసి, అంచు రెండు మడతలు వేసి, మూలల్లో ఇత్తడి రింగులు కొట్టి ఇచ్చేది. గోనెసంచుల మూతులు కుట్టిన చెయ్యి, పడవకి చొక్కా కుట్టలేదా అని ఆమె ధీమా.

మొగుడు రేవు దగ్గర ఆ పడవలకే తాళ్ళు కట్టే పనిలో ఉన్నాడు. నడిస్తే పడవ గెడ నడిచినట్టుంటాడని అతన్ని లంకలో నిటారు అనేవాళ్ళు. నడుమూ వంగదు, మాటా వంగదు. పెద్దక్క తమ్ముడు ఒడ్డునున్న పార్కులో గడ్డి కోసే బండి నడుపుతాడు. ఒకప్పుడు అతని బెండతోట ఉన్న చోటే ఇప్పుడు గడ్డి పెంచుతున్నారు, ఆ గడ్డినే అతను కోస్తున్నాడు. నా నేల నన్ను వదల్లేదు, ఉద్యోగంలో పెట్టుకుంది అని చెప్పుకుని నవ్వుతాడు.

ఆ ఊరు కట్టిన కంపెనీ, నేల ఇచ్చినవాళ్ళకి చీట్లు తీసి ఇళ్ళిచ్చింది. పెద్దక్కకి వచ్చిన ఇల్లూ, తమ్ముడికి వచ్చిన ఇల్లూ వీపులు ఆనించుకుని కూర్చున్న మనుషుల్లా ఉంటాయి. పెరడూ పెరడూ కలిసిన చోట నిలువెత్తు పచ్చకంచె. కానీ పెద్దక్క గుమ్మం ఒక వీధిలో, తమ్ముడి గుమ్మం అవతలి వీధిలో. కంచెకి ఇటు తుమ్మితే అటు చిరంజీవ అనొచ్చు. మనిషిని చూసి రావాలంటే మాత్రం వీధి చివరిదాకా నడిచి, అక్కడున్న రాతి పడవ బొమ్మ చుట్టూ తిరిగి, రెండో వీధి మళ్ళీ సగందాకా రావాలి. పొలాల్లో కూడా వీళ్ళవి పక్కపక్క చేలే. చీటీకి కూడా వీళ్ళ గట్టు తగాదా సంగతి తెలిసిపోయిందని లంకవాళ్ళు నవ్వుకున్నారు.

ఇక్కడ గట్టు సంగతి కాస్త చెప్పాలి. రెండు చేల మధ్య గట్టుంటే, పార పట్టినవాడి చెయ్యి ఊరుకోదు. కలుపు గీకుతూ గీకుతూ తన వైపు ఒక చెక్కు చెక్కేస్తాడు. బెత్తెడు నేల కలిసొచ్చిందని సంబరం. అవతలివాడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటాడా? తన వైపు వాడూ చెక్కుతాడు. చెక్కగా చెక్కగా నడిచే గట్టు కాస్తా కొడవలి అంచులా తయారవుతుంది. ఇంటింటా ఇదే భాగోతం కాబట్టి లంక పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. గట్టు మనిషి అడుగుని మోయలేనంత సన్నబడిందంటే, రెండు వైపులవాళ్ళూ ఆ రోజే పారలు పట్టుకుని రావాలి. ఎవరి చేలో మట్టి వాళ్ళు తెచ్చి పొయ్యాలి. ఎవడు చెక్కాడని అడగకూడదు. పైవాడెవడైనా వచ్చి అడిగితే మాత్రం ఇద్దరూ నేనే చెక్కాను అనాలి. ఎందుకంటే లంకలో గట్టంటే అడ్డం కాదు, దారి. పిల్లలు పడవరేవుకి పోయేది దాని మీదే. గంపలు మోసేది దాని మీదే. పెద్దక్కా, ఆమె తమ్ముడి పెళ్ళామూ మధ్యాహ్నం పూట కూర్చునేదీ దాని మీదే, ఈమె కాళ్ళు ఈమె చేలోకి, ఆమె కాళ్ళు ఆమె చేలోకి వేసి, వీపుకి వీపు ఆనించుకుని. మొహాలు చూసుకోకుండా చెప్పుకున్న కబుర్లలో అబద్ధాలుండవని పెద్దక్క నమ్మకం.

ఆ కట్టుబాటు తప్పింది ఒక్కసారే, అదీ వీళ్ళ గట్టు మీదే. కొలతలాయన గొలుసు పట్టుకుని వచ్చిన రోజున, ఈ గట్టు ఇంత వంకర పోయిందేమని అడిగాడు. నిటారు ముందుకొచ్చి నేనే చెక్కానన్నాడు. ఇక తమ్ముడు నేనూ చెక్కాను అనాలి. అనలేదు. నేల చూపులు చూస్తూ, "అవునండీ, మా బావే" అన్నాడు. కొలతలాయనకి అదేం పట్టలేదు, రాయి పాతేసి ముందుకి పోయాడు. బావాబావమరుదుల మధ్య మాత్రం మాట అక్కడే పూడిపోయింది. అప్పటినుంచీ ఇద్దరూ పెద్దక్క చెవిలోంచే మాట్లాడుకుంటారు. మీ తమ్ముడికి చెప్పు అని ఈయన, బావకి చెప్పక్కా అని ఆయన. నా చెవులకి తలుపుల్లేవని మీ ఇద్దరికీ అలుసైపోయింది అని ఆమె విసుక్కునేది.

అసలు కథ పాలగిన్నెతో మొదలైంది.

మరదలికి ఏడాదిగా చూపు మసకబారుతూ వచ్చింది. దానికి తోడు తల తిరుగుడు. మనిషి మాత్రం నోరు తగ్గించలేదు. వదినా, నువ్వు ముసలిదానివైపోయావని అందరూ అంటున్నారు, నాకు మాత్రం నీ పాత మొహమే కనబడుతోంది, అదృష్టం నీది అనేది. ఒక రోజు పొద్దున పెద్దక్క మిషను మీద ఉండగా, పెరటి అవతల గిన్నె మూత పడిన చప్పుడైంది. వెంటనే, "వదినా" అని ఒక్క పిలుపు.

పెద్దక్క పెరట్లోకి పరిగెత్తింది. కంచె ఆకుల సందులోంచి వంటింటి గుమ్మం కనబడుతోంది. గుమ్మంలో మరదలి చీర కొంగు నేల మీద కనబడుతోంది. అడుగులు లెక్కపెట్టుకునేంత దూరం కూడా లేదు. కంచెలోకి చెయ్యి దూర్చింది, భుజం దూర్చింది, మనిషి దూరలేదు. వెనక్కి తిరిగి ఇల్లు దాటి వీధిన పడింది. చెప్పులు ఎక్కడ జారాయో తెలియదు. రాతి పడవ చుట్టూ తిరిగి, ఆయాసంతో తమ్ముడి గుమ్మం చేరి, తలుపు తాళం మీద అంకెలు నొక్కింది. తెరుచుకోలేదు. కంగారులో తన ఇంటి అంకెలు నొక్కింది మరి. మళ్ళీ నొక్కి లోపలికి వెళ్ళేసరికి పాలు పొంగి మంట ఆరిపోయి, వంటిల్లంతా గ్యాసు కంపు. పొయ్యి కట్టి, కిటికీ తెరిచి, మరదల్ని లేవదీసింది. దెబ్బ పెద్దది కాదు. మరదలు గోడకి ఆనుకుని కూర్చుని, ఊపిరి తీసుకుని, "ఊళ్ళన్నీ చుట్టి వచ్చినట్టున్నావు వదినా" అంది.

ఆ సాయంత్రం తమ్ముడు ఒక మాట తేల్చేశాడు. కూతురు అద్దరిన తొమ్మిదో అంతస్తులో ఉంటుంది, ఇంటిదగ్గర ఉండి చేసే ఉద్యోగం. నెలాఖరుకి కారు తెచ్చి అమ్మని తీసుకుపోతుంది. తను మాత్రం ఉద్యోగం ఇక్కడే కాబట్టి ఇక్కడే ఉంటాడు, వారానికోసారి వెళ్ళి చూసొస్తాడు. నేనుండగా దాన్నెందుకు పంపడమని పెద్దక్క గట్టిగానే అడిగింది. తమ్ముడు ఆమె కాళ్ళ వైపు చూశాడు. చెప్పుల్లేకుండా పరిగెత్తిన కాళ్ళు.

"నువ్వున్నావక్కా. కానీ నువ్వు చుట్టు తిరిగి వచ్చేసరికి ఏం మిగిలుంటుంది?"

మరదలు గోడ వైపు తిరిగి పడుకుంది. తమ్ముడు వెళ్ళాక, తొమ్మిదో అంతస్తులో నాకేం పని వదినా, కాకులు కూడా అంత పైకి రావు అంది. ఈ ఇంట్లో గోడ గోడకీ నా చెయ్యి తెలుసు, అక్కడ మళ్ళీ పరిచయం చేసుకోవాలి అంది. నవ్వుతూనే అంది గానీ చెంగు మాత్రం కళ్ళ దగ్గరే ఉంచుకుంది.

నిన్ను ఎవరు పంపిస్తారో నేనూ చూస్తానని పెద్దక్క చెప్పి వచ్చింది. ఊరికే అనే మనిషి కాదు. కంచెలో రెండు మొక్కలు తీస్తే చాలు, మిషను మీంచి లేచి పిలుపు ఆగేలోపు మరదలి పక్కన ఉంటుంది. ఈ సంగతి ముందు మొగుడికి చెప్పింది. నిటారు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, చెల్లెమ్మ కోసం ప్రాణమైనా ఇస్తాను గానీ, మొక్క సంగతి వాడొచ్చి అడగాలి అన్నాడు. తమ్ముడికి చెప్పింది. బావే తీయొచ్చుగా అక్కా, నేను తీస్తే మళ్ళీ వీడే చెక్కాడంటాడు అన్నాడు అతను. ఇద్దరికీ ఆ మనిషి మీద ప్రేమ ఉంది. ఇద్దరి నాలుకలకీ మాత్రం ముందుకి రావడం రాదు.

తనే రెండు మొక్కలు పీకి పారెయ్యొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఒకరు పీకిన సందుని ఇంకొకరు సాయంత్రానికి చెక్క పెట్టి మూసేస్తారు. ఇద్దరి చేతులూ పడితేనే అది దారి అవుతుంది. ఇద్దరి చేతులూ పడాలంటే లంకలో ఒక్కటే మార్గం. గట్టు పడాలి.

మర్నాడు పొద్దున, మొగుడు రేవుకి వెళ్ళాక, పెద్దక్క గూట్లోంచి పాత కొడవలి తీసింది. తన పెరట్లో కంచె ముందు కూర్చుని, పక్కపక్కనున్న రెండు మొక్కల కింద కొమ్మలు కోసింది. కొడవలి ముక్కుతో వేళ్ళ దగ్గర మట్టి ఒక చెక్కు చెక్కింది. మధ్యాహ్నం చుట్టు తిరిగి మరదలి దగ్గరికి వెళ్ళినప్పుడు అటువైపు కూడా అంతే చెక్కింది, ఒక పిడికెడు ఎక్కువా కాదు, తక్కువా కాదు. గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న మరదలు చెవి రిక్కించి వింది.

"ఎవరి వైపు చెక్కుతున్నావు వదినా?"

"ఇద్దరి వైపూ."

"అయితే న్యాయమే" అని మరదలు పీట కాస్త ముందుకి జరుపుకుంది, మనుషులు వస్తే దగ్గడానికి.

అలా వారం పైనే నడిచింది. మగాళ్ళిద్దరూ ఆమె అనుకున్నట్టే చేశారు. నిటారు ఒక సాయంత్రం కంచె మొదట్లో కాలితో కదిపి చూసి, చూశావా మీ తమ్ముడి బుద్ధి, ఇల్లు మారినా చెయ్యి మారలేదు అన్నాడు. అవతల తమ్ముడు అదే పూట, చూశావా అక్కా బావ పని, నేను పార్కులో ఉన్నప్పుడు చెక్కుతున్నాడు అన్నాడు. వెళ్ళి అడగమని ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఎవడు చెక్కాడని అడక్కూడదు కదా. పెద్దక్క మొహం తిప్పుకుని మిషను తొక్కింది. అంత నవ్వులోనూ కుట్టు వంకర పోలేదు.

నెలాఖరు దగ్గరపడింది. మరదలి బట్టల సంచీ మంచం పక్కకి వచ్చింది. ఆ వారం నది మీంచి పెద్దగాలి వీచింది. తెల్లారి చూస్తే పడవ తొడుగులన్నీ రెపరెపలాడుతున్నాయి, కంచెలో ఆ రెండు మొక్కలూ తాగినవాళ్ళలా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పెద్దక్క పెరట్లో నిలబడి తృప్తిగా చూసుకుంది. మొగుడు కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి ఆగిపోయాడు. అవతల తమ్ముడు పళ్ళు తోముకుంటూ వచ్చి ఆగిపోయాడు. ఇన్నాళ్ళకి ఇద్దరి మధ్యా ఆకు అడ్డం లేదు. కట్టుబాటు ప్రకారం ఇక ఇద్దరూ పారలకి వెళ్ళాలి. ఎవరు ముందు కదులుతారా అని పెద్దక్క చూస్తోంది.

కదిలింది వాళ్ళు కాదు. గాలికి ఏమేం పడ్డాయో చూసుకుంటూ కంపెనీ మేనేజరమ్మాయి ఎత్తుగా ఉన్న ఒడ్డు బాట దిగి, వీధిలోంచి పెద్దక్క పెరట్లోకి వచ్చింది. చేతిలో టాబు. చిన్నపిల్ల, మంచి పిల్లే, ఎదురుపడితే ఆంటీ అని పలకరించే రకం. వంగి మొదళ్ళు చూసింది. ఇది గాలి పని కాదు, ఎవరో కోశారు అంది.

నిటారు నడుం ఇంకాస్త నిలబెట్టి, అది మా గట్టమ్మా, మేమూ మేమూ చూసుకుంటాం అన్నాడు. అవునవునని అవతల తమ్ముడు బ్రష్షు తీసి మరీ తలాడించాడు. ఆ అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీది కాదంకుల్. కంచె కంపెనీది. మీకిచ్చింది కంచెకి ఇటు ఒకరికి, అటు ఒకరికి."

గట్టంటే దానికి ఇటున్నవాడిదీ అటున్నవాడిదీ. మధ్యలో మూడోవాడు ఉంటాడన్న ఊహ లంకలో ఎవరి తాతకీ రాలేదు. పార్కులో గడ్డిపరక గడ్డిపరకా కంపెనీదేనని తెలిసి రోజూ కోసే తమ్ముడికి కూడా, తన పెరటి కంచె కంపెనీదని ఒక్కనాడూ తట్టలేదు. ఇద్దరూ వారంగా ఒకరినొకరు తిట్టుకున్నది తమవి కాని మొక్కల కోసం.

మేనేజరమ్మాయి నెమ్మదిగానే చెప్పింది. కంచె ఇలా కోతకి గురైన చోట గోడ కట్టేయడం పద్ధతి, అవతలి వరసలో రెండు చోట్ల కట్టేశారు కూడా. చేసినవాళ్ళెవరో పైకి చెప్పక తప్పదు. కంపెనీ పనిలో ఉన్నవాళ్ళయితే పని పోతుంది. ఆ చివరి మాట దగ్గర ఆమె తమ్ముడి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

గోడ. గోడ లేస్తే పిలుపు కూడా దాటదు. వారం రోజులుగా ఇంత తెలివిగా చెక్కుకుంటూ వచ్చింది తన కాళ్ళ కింద నేలేనా? తప్పు తన మీద వేసుకుందామని నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే అవతలినుంచి గొంతు వినబడింది.

"నేనే చెక్కానమ్మా" అన్నాడు తమ్ముడు.

బ్రష్షు ఇంకా చేతిలోనే ఉంది, మొహం మాత్రం ఎత్తే ఉంది. కొలతల రోజున నేల చూసిన మనిషి ఇవాళ నేల చూడలేదు. తిన్నగా బావ వైపు చూశాడు.

పెద్దక్క మొగుడి వైపు తిరిగింది. వాడే చెక్కాడని ఈయన వారంగా నమ్ముతున్నాడు. అవునమ్మా, మా బావమరిదే అంటే చాలు, పాత బాకీ తీరిపోతుంది. అనడానికి అబద్ధం కూడా అక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేనూ చెక్కాను. నా వైపు నేను."

"నేను నా కళ్ళతో చూశానమ్మాయ్, ఇద్దరూ చెక్కారు" అని వంటింటి గుమ్మంలోంచి మరదలు సాక్ష్యం పలికింది. మేనేజరమ్మాయికి ఆమె చూపు సంగతి తెలుసు. పెదవి కొరుక్కుంది.

పెద్దక్క ఇక ఆగలేదు. "ముగ్గురం అనుకో తల్లీ. అదిగో, ఆ గుమ్మంలో ఉన్న మనిషి కింద పడితే ఇక్కడ నిలబడి చూశాను. చూసి, ఆ వీధి చివరినుంచి పరిగెత్తాను" అంది. ఆ అమ్మాయి తలెత్తి ఆ చివర చూసింది, ఈ చివర చూసింది. కంచె మీద పడి ఉన్న మొక్కల్ని చూసింది. కాసేపు టాబు అంచు గోటితో గీకింది. సందు వదలమని చెప్పే అధికారం తనకి లేదంది. కానీ సాయంత్రం మళ్ళీ ఇటే వస్తానంది. అప్పటికి మొక్క తగ్గకుండా, బాట మీంచి చూస్తే కంతలు కనబడకుండా కంచె నిలబడి ఉంటే, గాలికి పడింది లేపారు అనుకుంటానంది. అని వెళ్ళిపోయింది.

ఆమె అటు తిరిగిందో లేదో బావాబావమరుదులిద్దరూ పారలతో వచ్చారు. వచ్చి, పడిన మొక్కలకి చెరో వైపు నిలబడ్డారు. పాత చోటనే పాతితే సందు మూసుకుపోతుంది. పాతకపోతే గోడ లేస్తుంది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పార మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"పాదులకి దడి కట్టేటప్పుడు సందు ఎలా వదిలేవాళ్ళం?" అంది పెద్దక్క, ఎవరినీ చూడకుండా.

లంకలో కూరపాదుల చుట్టూ దడి కట్టేటప్పుడు, మనుషులు వెళ్ళడానికి వంపు సందు ఒకటి ఉంచేవాళ్ళు. దూరంనుంచి చూస్తే దడి అంతా ఒక్కటే అన్నట్టుంటుంది. పశువు తిన్నగా వచ్చి ఆగిపోతుంది, మనిషి ఒక వంపు తిరిగి దాటిపోతాడు. నిటారు ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక మొక్కని మొదలంటా ఎత్తి, కంచె గీతనుంచి తన పెరట్లోకి ఒక అడుగు వెనక్కి వేసి, అక్కడ గుంట తవ్వడం మొదలుపెట్టాడు. చూసి, తమ్ముడు రెండో మొక్క ఎత్తాడు. అతనూ తన పెరట్లోకి ఒక అడుగు వెనక్కి వేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇద్దరూ గట్టుని తమ తమ నేల మీదికి రానివ్వడం అదే మొదలు.

మొదట కాసేపు పారల చప్పుడే. తర్వాత, లోతు చాలదురా, వేరు కనబడుతోంది అన్న మాట ఇటునుంచి వెళ్ళింది. ఆ వెంటనే, మీది వాలింది బావా, కాస్త కుడివైపుకి అన్న మాట అటునుంచి వచ్చింది. మధ్యలో తన చెవి అక్కర్లేకుండా మాటలు తిన్నగా వెళ్ళడం విని, పెద్దక్క లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కుట్టడానికి కాదు, ఊరికే.

సాయంత్రం మేనేజరమ్మాయి బాట మీద నిలబడి చూసింది. మొక్కలన్నీ ఉన్నాయి. కంత కనబడలేదు. కంచె ఇవతల నిలబడి ఉన్న పెద్దక్క ఆమె చూస్తుండగానే ఒక వంపు తిరిగి, అవతలి పెరట్లో తేలింది. ఆ అమ్మాయి టాబు మూసేసింది. కంచె బాగుంది ఆంటీ అని చెప్పి, నవ్వు దాచుకోవడానికన్నట్టు గబగబా నడిచి వెళ్ళిపోయింది.

అప్పుడు మరదలు లేచింది. ఎవరూ చెయ్యి పట్టుకోవద్దంది. ఆకులు తడుముకుంటూ, ఒక అడుగు, ఇంకో అడుగు, వంపు దగ్గర ఆగి, పక్కకి తిరిగి మళ్ళీ అడుగు. రెండు మొక్కల నడిమికి వచ్చి నిలబడిపోయింది. కొత్తగా తవ్విన మట్టి వాసన పీల్చింది.

"ఇప్పుడు నేను ఎవరి నేల మీదున్నాను?" అని అడిగింది.

తమ్ముడు బావ వైపు చూశాడు. నిటారు కింద పడి ఉన్న మట్టిగడ్డని కాలితో చదును చేసి, లోపలికి వెళ్ళి పీట తెచ్చి అక్కడ వేశాడు. దానికోసం ఆయన నడుం పూర్తిగా వంగింది.

"గట్టు మీదున్నావు చెల్లెమ్మా. కూర్చో."

తమ్ముడు ఫోను తీసి కూతురికి చెప్పాడు, ఆదివారం ఖాళీ కారుతో వచ్చి ఖాళీ కారుతోనే పొమ్మని, మీ అమ్మకి మెట్లెక్కే పని లేదని. లిఫ్టు ఉంది కదా నాన్నా అని ఆ పిల్ల ఏదో అంటూనే ఉంది, ఇతను వినే స్థితిలో లేడు. పెద్దక్క ఇంకో పీట తెచ్చుకుని, మరదలి వీపుకి వీపు ఆనించి కూర్చుంది. ఒకరి కాళ్ళు ఇటు, ఒకరి కాళ్ళు అటు.

రాత్రి పడుకోబోతూ నిటారు, నా వైపు కూడా మీ తమ్ముడే చెక్కాడా అని నెమ్మదిగా అడిగాడు.

"అలా అడక్కూడదండీ, కట్టుబాటు" అని పెద్దక్క దీపం ఆర్పేసింది.

అదండీ సంగతి. ఇంతసేపు లైనులో ఉన్నందుకు మీ అందరికీ చాలా సంతోషం. మీ ఇంటి పక్కన, ఒక పిలుపు దూరంలో ఉండి కూడా చుట్టు తిరిగి రావాల్సిన మనుషులెవరైనా ఉంటే, ఈ కథ ముందు వాళ్ళకి పంపించండి. మాటలు ఆగిపోయిన బావాబావమరుదులుంటే ఇద్దరికీ పంపించండి, ఎవరు పంపారని మాత్రం చెప్పకండి. ఉంటాను మరి.